చామంతి శుభమా, శోకమా: పెళ్ళి పూల అర్థాల చిక్కుముడి

అనంతపురంలో మా బంధువుల ఇంట మాఘం చివరి ముహూర్తానికి పెళ్ళి. మండపం అలంకరించే కుర్రవాడు వచ్చి ఫోనులో నాలుగైదు నమూనాలు చూపించాడు. అన్నింటిలోనూ పసుపుపచ్చని చామంతులే. పెళ్ళికూతురి చిన్నాన్న కొడుకు ఫ్రాన్సులో చదువుకుని వచ్చినవాడు, గబుక్కున అడ్డుపడ్డాడు. "ఇవి వద్దు. అక్కడ వీటిని సమాధుల మీద పెడతారు" అన్నాడు. పెళ్ళివారి ఇంట్లో ఆ మాట ఎవరికి రుచిస్తుంది? అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచం మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్న అవ్వ మాత్రం తల ఎత్తకుండానే అడిగింది: "అక్కడ సమాధుల మీద గులాబీలు పెట్టరా నాయనా?"

పెడతారు. ప్రేమికులకూ ఇస్తారు. అతని దగ్గర జవాబు లేదు కాబట్టి చర్చ అప్పటికి ఆగింది కానీ, చిక్కు మాత్రం తీరలేదు. ఒకే పువ్వు ఒకచోట శుభం, మరొకచోట శోకం ఎలా అవుతుంది? పువ్వు అర్థం పువ్వులోనే ఉంటుందా, పెట్టే చోట ఉంటుందా?

రంగుకో అర్థం చెప్పే పట్టిక ఎక్కడిది

ఏటా ఫిబ్రవరి రాగానే ఫోన్లలో ఒక పట్టిక తిరుగుతుంది. ఎర్ర గులాబీ ప్రేమ, పసుపు గులాబీ స్నేహం, తెల్లది స్వచ్ఛత. అనాదిగా లోకమంతా ఒప్పుకున్న నిఘంటువులాగా కనిపిస్తుంది. నిజానికి దాని వయసు రెండు వందల ఏళ్ళు.

ఇస్తాంబుల్‌లో ఆంగ్ల రాయబారి భార్యగా ఉన్న లేడీ మేరీ వర్ట్‌లీ మాంటగూ 1718లో ఒక తమాషా వ్యవహారం గురించి ఉత్తరం రాసింది. అక్కడి స్త్రీలు ఒక సంచిలో ముత్యం, లవంగం, పువ్వు, బొగ్గు ముక్క లాంటివి పెట్టి పంపుకునేవారట. ఒక్కో వస్తువుకు ఒక్కో పద్యపాదం. మూట విప్పితే ప్రేమలేఖ. ఐరోపాకు ఈ సంగతి నచ్చింది. బొగ్గునూ లవంగాన్నీ వదిలేసి పువ్వును మాత్రం పట్టుకుంది. 1819లో పారిస్‌లో షార్లెట్ ద లాతూర్ అనే కలంపేరుతో పూల భాష మీద ఒక పుస్తకం వచ్చింది. ఆ తరవాత విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో అలాంటివి కుప్పలుగా అచ్చయ్యాయి. ఒక పుస్తకానికీ ఇంకొక పుస్తకానికీ పొంతన ఉండేది కాదు. ఇప్పుడు స్నేహమంటున్న పసుపు గులాబీ ఆనాటి పట్టికల్లో అసూయకు గుర్తు. ఒక పుస్తకం చూసి పంపినవాడి పువ్వును ఇంకో పుస్తకం చూసి చదువుకున్న అమ్మాయి ఏమనుకుని ఉంటుందో!

చామంతి కథ మరీ చిత్రం. ఫ్రాన్సులో నవంబరు 1న పెద్దల సమాధులను పూలతో అలంకరిస్తారు. చలి ముదిరే ఆ రోజుల్లో విరివిగా పూసేది చామంతి. అందుబాటులో ఉంది కాబట్టి సమాధి ఎక్కింది. సమాధి ఎక్కింది కాబట్టి శోకానికి గుర్తయింది. అదే చామంతి జపానులో చక్రవర్తి వంశానికి ముద్ర, పదహారు రేకులతో. మన దగ్గరా చామంతి చలికాలపు పువ్వే. పగళ్ళు పొట్టివైతేనే మొగ్గ తొడిగే మొక్క అది. అందుకే పూత వాయిదా వేయాలనుకునే రైతులు రాత్రిళ్ళు తోటలో బల్బులు వెలిగించి పగలు ఇంకా పోలేదని మొక్కను నమ్మిస్తారు. ధనుర్మాసం, సంక్రాంతి, మాఘ ముహూర్తాలు అన్నీ దాని కాలంలోనే వస్తాయి. కాబట్టి ఇక్కడ అది పండుగ గుమ్మం పువ్వయింది. రెండు దేశాల్లోనూ చామంతికి అర్థం ఇచ్చింది పంచాంగమే.

చోటు మారితే మాట మారుతుంది

మన దగ్గర పూల అర్థం రంగును బట్టి కాక, పువ్వు ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి తెలుస్తుంది. తలలో ఉంటే సింగారం, మెడలో ఉంటే మర్యాద, గుమ్మానికి ఉంటే పండుగ, పాదాల దగ్గర ఉంటే పూజ. కొప్పులోంచి జానెడు పక్కకు జరిపి చెవిలో పెడితే మోసం. "నా చెవిలో పువ్వు పెడతావా" అనే మాటకు ఏ పువ్వన్నది ఎవరూ అడగరు.

మొగలిపువ్వును తీసుకోండి. లింగం మొదలు, తుది వెతికే పందెంలో బ్రహ్మ తరఫున దొంగసాక్ష్యం చెప్పిందని శివపూజకు దాన్ని వాడరు. కానీ ఆ మొగలి రేకులే పెళ్ళికూతురి జడలో గర్వంగా కూర్చునేవి. దేవుడి దగ్గర వెలివేసిన పువ్వుకు ఆడపిల్ల జడలో అగ్రపీఠం. దాన్ని ఎవరూ అపశకునమనలేదు. తిరుమలలో ఇందుకు తలకిందులు. కొండ మీద పూలన్నీ స్వామివేనని ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. స్వామికి వాడిన పూలను భక్తులకు ఇవ్వకుండా పూలబావిలో వేయడం అక్కడి పాత ఆచారం. కడప నుంచి రైల్లో నిండుగా పూలు పెట్టుకుని బయలుదేరిన ఇల్లాలు కొండ ఎక్కేముందు వాటిని తీసేస్తుంది. పువ్వు అదే, మనిషీ ఆవిడే.

ఇక ఎవరికి ఇచ్చారన్నది మరో మెలిక. నారదుడు తెచ్చిన పారిజాతాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇవ్వడంతో సత్యభామ కోపగృహంలో పడిన కథను నంది తిమ్మన రాయల కొలువులో కావ్యం చేశాడు. ఆ గొడవంతా అది ఏ పువ్వన్నదాని గురించి కాదని, ఎవరి చేతికి వెళ్ళిందన్నదాని గురించని ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో ఎవరికైనా తెలుసు. ఇద్దరికీ చెరొక మూర పూలు కొనుక్కొచ్చే అత్తగారికి మరీ బాగా తెలుసు.

మల్లె ఎందుకు రాత్రి పువ్వయింది

మన్మథుడి అయిదు బాణాలు అరవిందం, అశోకం, మామిడిపూత, నవమల్లిక, నీలోత్పలం. తామరకు కొలను కావాలి, అశోకానికి నీడ కావాలి. వాన ముఖం చాటేసే మన సీమలో మన్మథుడికి ఏడాదిలో ఎక్కువ నెలలు చేతికందే బాణం మల్లె ఒక్కటే. కదిరి మల్లెలకు ఆ పేరు ఊరికే రాలేదు. ఎండ, కాస్త బోరు నీరు, కోత మీద శ్రద్ధ ఉంటే మల్లె కరవు నేలలోనూ పూస్తుంది.

మల్లెకూ శోభనం గదికీ ఉన్న సంబంధం కవులు కల్పించినది కాదు. గుండుమల్లె మొగ్గను తెల్లవారుజామున కోస్తారు. పగలంతా అది బిగిసిన ముడిలాగా ఉంటుంది. పొద్దు గూకాక విచ్చుకుంటుంది, అప్పుడే పరిమళం విడుస్తుంది. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులను పిలవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. చీకటిలో రంగు కనిపించదు కాబట్టి తెలుపు, దూరం నుంచి తెలియాలి కాబట్టి ఘాటు. ఉదయం బుట్టలో మొగ్గగా కొని, సాయంత్రం మాలగా ముడుచుకుంటే, రాత్రి గదిలో విచ్చుకునే పువ్వు ఇది. పెళ్ళి రాత్రికి ఇంతకంటే తగినది ఏ కవికి దొరుకుతుంది?

అయితే మల్లెను శృంగారానికే కట్టేస్తే శ్రీశైలం ఒప్పుకోదు. నిన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆ క్షేత్రంలో స్వామి పేరే మల్లికార్జునుడు. ఆ పేరు ఎలా వచ్చిందన్నదానికి ఒకటికంటే ఎక్కువ వివరణలు ఉన్నాయి. మల్లెలతో శివుణ్ణి కొలిచిన చంద్రావతి అనే రాకుమారి కథ ఒకటి. మల్లిక అంటే అమ్మవారు, అర్జునుడంటే అయ్యవారు అనేది మరొకటి. అర్జున వృక్షాన్ని అల్లుకున్న మల్లెతీగ అని చెప్పేవారూ ఉన్నారు. ఏది ముందో తేల్చే ఆధారం ఎవరి చేతిలోనూ లేదు, తేల్చవలసిన తొందరా లేదు. పన్నెండో శతాబ్దంలో కన్నడ నేల నుంచి ఇక్కడికి చేరిన అక్కమహాదేవి మాత్రం ఆ చెన్నమల్లికార్జునుణ్ణే మగడిగా పాడుకుంది. లోకంలోని మగళ్ళు వాడిపోయేవారు, ఆమె మగడు వాడనివాడు. మల్లె పేరు పెట్టుకుని వాడనివాడు కావడం గమనించాలి. ఒక్క పూటకు మించి నిలవని పువ్వు అది.

దండలు మారితే పెళ్ళి అయినట్టేనా

పూజకు కోసిన పువ్వును వాసన చూడకూడదని పిల్లలకు మొదట నేర్పుతారు. వాడిన పువ్వు నిర్మాల్యం, దేవుడికి పనికిరాదు. ఈ నియమాన్ని ఒక అమ్మాయి కావాలనే తప్పింది. శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి, స్వామి కోసం తండ్రి కట్టిన మాలను ముందు తాను వేసుకుని నీటిలో నీడ చూసుకునేది. తండ్రి గుండె గుభేలుమంది. స్వామి మాత్రం తనకు ఆ మాలే కావాలన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు తన ప్రబంధానికి పెట్టిన ఆముక్తమాల్యద అనే పేరుకు ముడిచి విడిచిన మాలను ఇచ్చినది అని అర్థం. భోగినాడు గోదా కల్యాణం చేసే గుళ్ళన్నీ ఆ నియమభంగాన్నే పండుగ చేసుకుంటున్నాయి.

పెళ్ళిపీటల మీద దండలు మార్చుకోవడాన్ని ఈ కథ పక్కన పెట్టి చూస్తే గుట్టు విడిపోతుంది. ఒకరు వేసుకున్న దండ ఇంకొకరి మెడలోకి వెళుతుంది. పూజలో ఎంగిలి అయినది ఇక్కడ ఒప్పందం. నీ ఒంటి వాసన తగిలిన పువ్వు నాకు అంటు కాదని చెప్పడం అది.

మరి ఆ ఒక్కటి చాలునా? వేదికల మీద జరిగే దండల పెళ్ళిళ్ళు చెల్లుతాయా అనే ప్రశ్న తరచుగా వస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం క్రతువు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. తమిళనాడు 1967లో ఇదే చట్టానికి తమ రాష్ట్రం వరకు ఒక సవరణ చేసుకుంది. పురోహితుడు లేకపోయినా బంధుమిత్రుల ఎదుట ఒకరినొకరు అంగీకరించి దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా అక్కడ పెళ్ళే. మన రాష్ట్రంలో ఆ సవరణ లేదు. ఇక్కడ దండ ఒక్కటే సాక్ష్యమైతే, అది తమ ఆచారమని రుజువు చేసుకోవలసిన భారం మీద పడుతుంది. క్రతువు వద్దనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం వేరే దారి. సరిహద్దు దాటితే దండకు బరువు మారుతుందన్నమాట. చిత్తూరు దాటి వేలూరు చేరేసరికి అదే మల్లెదండ చట్టం ముందు ఎక్కువ మాట్లాడుతుంది.

సంప్రదాయం అనుకున్నది ఎక్కడి నుంచి వచ్చింది

మా బంధువుల ఇంట్లో చామంతి తగవు సాగుతుండగా ఒక పెద్దాయన, "మన సంప్రదాయ పూలు బంతి, లిల్లీ పెట్టుకోండి" అని తీర్పు చెప్పబోయాడు. చిక్కేమిటంటే ఆ రెండింటి పుట్టిల్లు మెక్సికో. బంతిపువ్వు అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చిన అతిథి. దసరా గుమ్మానికి బంతి లేకపోతే తోచని స్థితి వచ్చిందంటే ఆ అతిథి ఇంటల్లుడైపోయాడని అర్థం. మనం లిల్లీ అనే నేలసంపెంగదీ అదే ప్రయాణం. చామంతి చైనా నుంచి వచ్చింది. గులాబీ మాటకొస్తే, 1443లో విజయనగరం చూసిన పారసీక రాయబారి అబ్దుల్ రజాక్, ఇక్కడి జనం గులాబీలు లేకుండా బతకలేరనీ, వాళ్ళకు అవి అన్నమంత అవసరమనీ రాసుకున్నాడు.

వీటి మధ్య కనకాంబరానిది ప్రత్యేకమైన హోదా. దానికి వాసన లేదు. మల్లె నల్లబడినా కనకాంబరం రంగు కోల్పోదు. అందుకే కదంబంలో మల్లె వాసనకు, కనకాంబరం కంటికి, మరువం, దవనం ఊపిరికి. పూలమ్మే ఆమె తన మోచేతితో మూర కొలిచి, చివర వేలెడు ఎక్కువ వదిలి అరటినార తెంపుతుంది. పూలతో పాటు నారకూ వాసన అబ్బిందనే సామెత ఆ బుట్టలోంచి పుట్టినదే.

తలలో పూలు ఎవరి హక్కు

ఇక్కడ మాట కొంచెం బరువెక్కుతుంది. భర్త పోయిన స్త్రీ తలలో పూలు తీసేయడం చాలా ఇళ్ళలో ఇప్పటికీ జరుగుతోంది. దీన్ని సమర్థించేవారు పూలను పసుపు, కుంకుమ, గాజులతో కలిపి అయిదవతనపు గుర్తుగా లెక్కవేస్తారు. గుర్తు చూపించే బంధం పోయాక గుర్తు ఎందుకన్నది వారి వాదం. కొందరు పెద్దవాళ్ళు దీన్ని శిక్షగా కాక, దుఃఖానికి ఇచ్చే మర్యాదగా పాటిస్తారు. ఆ మనసును తేలికగా కొట్టిపారేయలేం.

ఎదుటి వాదం లెక్కల దగ్గర మొదలవుతుంది. తాళి, మెట్టెలు పెళ్ళితో వచ్చాయి. పూలు, బొట్టు పుట్టుకతో వచ్చాయి. అయిదేళ్ళ పాపకు పూలజడ వేసి ఫోటో తీయించని ఇల్లు సీమలో ఉందా? ఆ పాపకు మగడు లేడు కదా. మగడు తీసుకురానిది మగడితో ఎలా వెళ్ళిపోతుంది? నాకు ఈ వాదమే నిలబడేదిగా కనిపిస్తుంది. ఇళ్ళలో మార్పు మాత్రం వాదాలతో కాక, మనవరాలి పెళ్ళినాడు కోడలు మాట్లాడకుండా అత్తగారి కొప్పులో రెండు కాగడా పూలు గుచ్చడంతో వస్తోంది.

సీసాలోకి వెళ్ళిన పువ్వు

కడప పెద్ద దర్గా వీధిలో ఒక వైపు గులాబీ రేకులు, పూల చాదర్లు, ఇంకోవైపు అత్తరు బుడ్లు అమ్ముతారు. పువ్వుకూ పరిమళానికీ మధ్య ఉన్నది ఆ రెండు అంగళ్ళ దూరమే అనిపిస్తుంది కానీ, ఆ దారి చాలా పొడవు.

అత్తరు పాత పద్ధతికి ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ పేరు. డేగ్ అనే రాగి పాత్రలో పూలు, నీళ్ళు పోసి మూత చుట్టూ మట్టితో బిగించి మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా ఇంకో పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో గంధపు నూనె కాచుకుని ఉంటుంది, పూల వాసనను పట్టుకుంటుంది. సారాయి కలవదు కాబట్టి నమాజుకు వెళ్ళేవారికి అభ్యంతరం ఉండదు. గంధం అనగానే కడపవారికి తమ శేషాచలం ఎర్రచందనం గుర్తొస్తుంది. పేరులో చందనం ఉన్నా ఎర్రచందనానికి సువాసన లేదు. దాని విలువంతా రంగులోనూ చేవలోనూ ఉంది. అత్తరుకు కావలసినది శ్రీగంధం.

గులాబీ మంటకు తట్టుకుంటుంది. కిలో గులాబీ నూనెకు మూడు నుంచి నాలుగు టన్నుల పూలు కావాలి. గులాబీ అత్తరును కనిపెట్టిన ఘనతను జహంగీరు తన స్వీయచరిత్రలో అత్తగారు, నూర్జహాన్ తల్లి అస్మత్ బేగంకు ఇచ్చాడు. పాదుషా అత్తగారిని పొగడటం చరిత్రలో అరుదైన సంగతి కాబట్టి నమ్మవచ్చు. మల్లెకు మాత్రం మంట పడదు, వేడికి దాని వాసన చెడుతుంది. అయితే కోశాక కూడా వాసన పుట్టిస్తూనే ఉండటం దాని గుణం. పూర్వం నువ్వుల మధ్య పొరలు పొరలుగా మల్లెజాతి పూలు పరిచి, రోజూ పూలు మారుస్తూ, వాసన పట్టిన నువ్వులను గానుగాడేవారు. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో నువ్వుల బదులు అద్దాల మీద కొవ్వు పూశారు. నేడు రసాయన ద్రావకంతో తీస్తారు. టన్ను పూలకు దక్కేది ఉజ్జాయింపుగా కిలో, కిలోన్నర సారం. కాబట్టి పదిరూపాయల అగరుబత్తి పొట్లం మీద మల్లె బొమ్మ ఉంటే లోపల ఉన్నది చాలావరకు బెంజైల్ అసిటేట్ లాంటి కృత్రిమ పదార్థమే.

అసలు మల్లెకూ నకిలీకీ తేడా ఎక్కడుంది? మల్లె వాసనలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. మలంలోనూ అదే ఉంటుంది. చిక్కగా ఉంటే కంపు, పలచగా ఉంటే పువ్వు. మల్లె వాసనలో తలతిప్పే మత్తు, ఒంటికి దగ్గరగా అనిపించే వెచ్చదనం దాని చలవే అంటారు పరిమళాలు కూర్చేవారు. మరీ శుభ్రం చేసిన మల్లె సెంటు సబ్బులాగా ఉండటానికి కారణం అదే. శుచికీ శృంగారానికీ గుర్తు ఒకే పువ్వు ఎలా అయిందన్న ప్రశ్నకు ఇక్కడ కొంత జవాబు ఉంది.

ఆడ వాసన, మగ వాసన అనే విభజన కూడా అంగడి పెట్టినదే. పెద్ద దుకాణాల్లో గులాబీ సెంటు ఆడవాళ్ళ అరలో ఉంటుంది. కర్నూలు పాతబస్తీలో గులాబీ అత్తరు దూదిలో తడిపి చెవి మడతలో పెట్టుకునేది మగవాళ్ళు. నిఖా రోజున పూల సెహరా వెనుక ముఖం దాచుకునేది పెళ్ళికొడుకే. పక్కవీధిలోని మన పెళ్ళిలో గుమ్మం దగ్గర పన్నీరు చల్లించుకునేవారిలో ఆడామగా తేడా లేదు. చెవిలో పువ్వు మోసమని చెప్పుకున్నాం కదా, చెవిలో పూల అత్తరు మాత్రం హుందాతనం.

మా బంధువుల పెళ్ళిలో చివరకు చామంతులు గుమ్మానికీ పందిరి స్తంభాలకూ ఎక్కాయి. వేదిక వెనుక మాత్రం ఫ్రాన్సు అబ్బాయి కోసం నేలసంపెంగలు కాని, విదేశీ తెల్ల లిల్లీలు కట్టారు. అక్కడ వాటినీ అంత్యక్రియలకు వాడతారని అతనికి ఎవరూ గుర్తుచేయలేదు. అప్పుడప్పుడే అంగడికి వస్తున్న తొలి మల్లెలు మండిపోయే ధరలో ఉన్నా పెళ్ళికూతురి తల్లి వెనక్కి తగ్గలేదు. మర్నాటికి ఆ మల్లెలు నల్లబడ్డాయి, కనకాంబరాలు అలాగే ఉన్నాయి. అవ్వ ఆ పూలజడ విప్పి మల్లెలను చెట్టు మొదట్లో వేయించింది. దవనం రెమ్మలను ఏరి, తడి ఆర్చి, పెళ్ళిచీర మడతల్లో పెట్టి పెట్టెకు తాళం వేసింది.